మెషినేరియమ్‌ ఆడాలా, ద రూమ్‌ ఆడాలా?

రెండూ చిన్న పజిల్‌ గేములే, కానీ బుర్రకు పెట్టే పని వేరు. చెక్ స్టూడియో అమనీటా డిజైన్‌ 2009లో తెచ్చిన మెషినేరియమ్‌లో జోసెఫ్‌ అనే బుల్లి రోబో తుప్పు పట్టిన ఊళ్లో తిరుగుతాడు. ఫైర్‌ప్రూఫ్‌ గేమ్స్‌ వారి ద రూమ్‌ (2012)లో తిరగడమే లేదు. ఎదురుగా తాళాలు, అరలు, మీటలతో నిండిన పెట్టె ఒకటి, అంతే.

మెషినేరియమ్‌లో చాలామంది ఆగిపోయేది ఒక్కచోటే: వస్తువు కళ్లెదుటే ఉంటుంది, నొక్కితే చలనం ఉండదు. జోసెఫ్‌ చేతికందే దూరంలో ఉంటేనే అది పనిచేస్తుంది. ముందు అతన్ని ఆ వస్తువు దగ్గరికి నడిపించండి, తర్వాత పైకి సాగదీయండి, లేదా కిందికి కుదించండి. తెరపై బల్బు గుర్తు నొక్కితే ఒక సూచన దొరుకుతుంది. పూర్తి జవాబున్న పుస్తకం కావాలంటే మాత్రం చిన్న షూటింగ్‌ ఆట గెలవాలి. ఈ శిక్ష భలే ఉంది! బార్‌లో ఐదు కాయలు వరసగా పేర్చే పందెం మాత్రం విసుగే.

ద రూమ్‌లో దొరికిన వస్తువును నేరుగా వాడేయకండి. దాన్ని తెరిచి అన్ని వైపులా తిప్పి చూడండి, తాళంచెవి ఆకారమే మారొచ్చు. ఆటలో ఇచ్చే ప్రత్యేక కటకంలోంచి చూస్తే చెల్లాచెదురుగా కనిపించే గీతలు సరైన కోణంలోనే గుర్తుగా కలుస్తాయి, కాబట్టి మెల్లగా తిప్పాలి. సూచనలు కాసేపాగితే వాటంతటవే వస్తాయి.

పిల్లలతో ఆడేవాళ్లకు నా ఓటు మెషినేరియమ్‌కే. అందులో సంభాషణల్లేవు, కథంతా బొమ్మల బుడగల్లోనే నడుస్తుంది. ద రూమ్‌లో ఇంగ్లిష్‌ ఉత్తరాలు చదవాలి. ఫోన్‌లో హాయిగా ఆడాలంటే మాత్రం ద రూమే మేలు.