బెర్లిన్ వెళ్తే బాబిలోన్ హాల్లో ఆర్కెస్ట్రాతో మూకీ చూడండి

మా బిడ్డ బెర్లిన్‌లో చదువుకుంటోంది. హన్మకొండ నుంచి వెళ్లి ఉన్న పది రోజుల్లో చాలా చోట్లు తిప్పింది కానీ, వచ్చాక నేను అందరికీ చెబుతున్నది మాత్రం బాబిలోన్ అనే సినిమా హాలు గురించే. రోజా లక్సంబుర్గ్ ప్లాట్స్ మెట్రో స్టేషన్ దగ్గరే. 1929 నాటి హాలు, అప్పట్లో మూకీలకు వాయించిన ఆర్గన్ ఇంకా అక్కడే ఉంది.

మేం చూసింది దర్శకుడు ఫ్రిట్జ్ లాంగ్ తీసిన 1927 నాటి మూకీ ‘మెట్రోపోలిస్’. మాటల్లేకుండా దాదాపు రెండున్నర గంటలు ఎలా కూర్చోవాలా అని మొదట టెన్షన్ పడ్డాను. తెర ముందు ఆర్కెస్ట్రా కూర్చుంది. మొదట్లోనే షిఫ్టు మారే కార్మికులు తలలు వంచుకుని ఒకే అడుగుతో నడుస్తుంటారు, ఆ అడుగులు డ్రమ్ముల్లోంచి, బాకాల్లోంచి వచ్చి ఛాతీకి తగిలాయి. ఇదే సీను ఇంతకుముందు ఫోన్‌లో చూశాను, అప్పుడు ఏమీ అనిపించలేదు.

నాకు వెంటనే మన చేర్యాల పటం గుర్తొచ్చింది. పటం కథలు చెప్పే కాకిపడగల వాళ్లు గుడ్డ మీద గీసిన ఆ పటం విప్పుతూ, బొమ్మ తర్వాత బొమ్మ చూపిస్తూ పాడతారు కదా, బొమ్మలకు గొంతు వాళ్లదే. ఇక్కడ ఆ పని ఆర్కెస్ట్రా చేసింది.

ఇంకో సంగతి చెప్పాలి. ఈ సినిమాని విడుదలయ్యాక బాగా కత్తిరించేశారు. పోయిందనుకున్న భాగంలో చాలావరకు 2008లో బ్యూనస్ ఎయిర్స్‌లో దొరికింది, 2010లో కొత్తగా అతికించిన కాపీ వచ్చింది. ఏ ముక్క ఎక్కడ పెట్టాలో తేల్చడానికి పనికొచ్చింది గాట్‌ఫ్రీడ్ హుప్పెర్ట్స్ రాసిన సంగీతం కాగితాలే, ఎందుకంటే ఏ చోట తెర మీద ఏం జరుగుతుందో ఆయన స్వరాల పైన రాసి పెట్టుకున్నాడు. దొరికిన సీన్లు వచ్చినప్పుడు బొమ్మ నిండా గీతలు, మసక. ఆర్కెస్ట్రా మాత్రం ఎక్కడా తెగకుండా వాయించుకుంటూ పోయింది, అక్కడ నాకు కళ్లల్లో నీళ్లొచ్చాయి.

సీటు వెనక వైపు తీసుకోండి, తెర, వాయించేవాళ్లు ఒకేసారి కనిపిస్తారు. మధ్యమధ్య తెర మీద వచ్చే రాతలు చదవడానికి జర్మన్ రాకపోయినా ఇబ్బంది లేదు, కథ తెలిసిపోతుంది. కాకపోతే ఆర్కెస్ట్రా ప్రతి షోకీ ఉండదు, ముందే చూసుకుని బుక్ చేయాలి.

వరంగల్‌లో ఫిల్మ్ క్లబ్ నడిపేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, ఈసారి మూకీ వేసినప్పుడు స్పీకర్లు ఆపేసి ఒగ్గుడోలు కళాకారులను పిలవండి. వాళ్లకు ఇవ్వాల్సిన డబ్బులకు చందా వేసుకుందాం, నా వంతు నేనిస్తాను.