సెమిలిగుడ చలిలో మూడు సీజన్లు, 41 వేల కిలోమీటర్లు: నా ఈవీకి వేయించిన టైర్ల సంగతి

మాది కొరాపుట్ జిల్లా సెమిలిగుడ. నాన్నగారు సాలూరు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా. మందుల హోల్‌సేల్ వ్యాపారం కాబట్టి వారానికి నాలుగు రోజులు జయపురం వెళ్ళి రావాలి, రానూపోనూ సుమారు 85 కిలోమీటర్లు. నెలకోసారి ఘాట్ దిగి విజయనగరం, మా అత్తవారింటికి. 2021 మార్చిలో ఎలక్ట్రిక్ కారు (ఈవీ) కొన్నాను. 30 యూనిట్ల బ్యాటరీ, 215/60 ఆర్16 సైజు టైర్లు. దాంతో వచ్చిన టైర్లు 34 వేలు తిరిగాయి. 2022 నవంబరులో ఆల్ సీజన్ రకం, అంటే అన్ని కాలాలకీ పనికొచ్చేలా చేసినవి, వేయించాను, ఇప్పుడు వాటి మీద 41 వేలు అయ్యాయి. టైరు కంపెనీ పేరు రాయడం లేదు. ఒకే కంపెనీ ఈ సైజులో మూడు నాలుగు రకాలు అమ్ముతుంది, పేరు చూసి వెళ్ళినవాడికి షాపువాడు స్టాకులో ఉన్నది అంటగడతాడు. ఏం చూసి కొన్నానో, తర్వాత ఏమైందో చెబుతాను.

ముందు మా చలి గురించి. డిసెంబరు, జనవరిల్లో తెల్లవారుజామున ఏడు, ఎనిమిది డిగ్రీలు మామూలు. కొన్ని రోజులు ఐదుకి కూడా దిగుతుంది. పది గంటలకల్లా ఎండ వచ్చి స్వెటరు తీసేస్తాం. ఒడిశాలోకెల్లా ఎత్తయిన దేవ్‌మాలి, 1672 మీటర్లు, మా జిల్లాలోనే ఉంది. అయినా రోడ్డు మీద మంచు పేరుకోవడం అనేది మాకు లేదు. ఉన్నదల్లా పొగమంచు, రాత్రంతా కురిసిన మంచుకి వాన పడ్డట్టు తడిసిన తారు, దాని మీద అతుక్కుపోయిన సిల్వర్ ఓక్ ఆకులు, పొలాల్లోంచి ట్రాక్టర్లు మోసుకొచ్చి రోడ్డెక్కించిన ఎర్రమట్టి. ఆ మట్టి ఎండితే దుమ్ము. తడిస్తే సబ్బు.

పాత టైర్లతో నాకు బుద్ధొచ్చింది సుంకి దగ్గర. 2022 నవంబరు మొదటివారం, పొద్దున్న ఆరున్నర, పొట్టంగి దాటి ఘాట్ దిగుతున్నాను. వేగం ముప్పై అయిదు కూడా లేదు. మలుపులో యాక్సిలరేటర్ మీంచి కాలు తీశాను, అంతే. ఈవీలో కాలు తీయగానే మోటారు వెనక్కి లాగి కరెంటు చేస్తుంది కదా, నా కారులో ఆ లాగుడంతా ముందు చక్రాల మీదే పడుతుంది. కింద ఆకులు. స్టీరింగు తిప్పినా కారు ఒక బారెడు నేరుగా పోయింది. బ్రేకు తొక్కితే కాలి కింద ఏబీఎస్ (చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) గరగరమంది. అవతల నుంచి బాక్సైటు లారీయో మరొకటో వస్తూ ఉంటే ఈ సమీక్ష ఇంకెవరైనా రాసేవాళ్ళు. పక్క సీట్లో మా ఆవిడ ఏమీ అనలేదు. సాలూరు వచ్చాక టీ తాగుతూ, "ఈ టైర్లు మార్చేదాకా నేను బస్సులో వస్తాను" అంది.

ఆ టైర్లను పూర్తిగా తప్పు పట్టలేను. ఈవీలతో సాధారణంగా తేలిగ్గా దొర్లే టైర్లు వస్తాయి, ఎందుకంటే ఒక్క చార్జింగుకి ఎన్ని కిలోమీటర్లన్నదే అందరూ అడిగే మొదటి ప్రశ్న. తేలిగ్గా దొర్లాలన్నా తడిలో పట్టుకోవాలన్నా అదే రబ్బరు. ఒకటి పెంచుకుంటూ పోతే రెండోది కొంత తగ్గుతుంది, ఖరీదైన మిశ్రమాలు వాడితే తప్ప. 2022లో కేంద్రం దొర్లుడు నిరోధం, తడిలో పట్టు, చప్పుడు మూడింటికీ కనీస ప్రమాణాలు పెట్టింది, ఏఐఎస్-142 అంటారు. అది పాస్ మార్కు మాత్రమే. ఎవరికి ఫస్ట్ క్లాస్ వచ్చిందో అది చెప్పదు.

ఇక కొనడం. విశాఖ వెళ్ళి రెండు షాపులు తిరిగాను. మా బావమరిది వెంట వచ్చాడు. వాడికి అన్నీ తెలుసు. "బావా, చలి ప్రాంతం కదా, వింటర్ టైర్లే వెయ్యి" అని ఒకటే పోరు. చలి టైర్ల రబ్బరు మెత్తగా ఉంటుంది. ఏడు డిగ్రీలకంటే దిగితే మామూలు రబ్బరు బిరుసెక్కుతుందని దాన్ని అలా చేస్తారు. బాగానే ఉంది, కానీ మాకు ఏడు లోపు ఉండేది ఏడాదిలో కొద్ది రోజులు, అదీ పొద్దున్న రెండు గంటలు. అదే కారు మే నెలలో గజపతినగరం దగ్గర నలభై డిగ్రీల ఎండలో కాలిపోతున్న తారు మీద నడవాలి. ఆ మెత్తటి రబ్బరు అక్కడ పెన్సిల్ రబ్బరులా అరిగిపోతుంది.

టైరు పక్క గోడ మీద ఎం ప్లస్ ఎస్ అని ఉంటే బురదకీ మంచుకీ పనికొస్తుందని కంపెనీ తనంతట తాను చెప్పుకోవడం, దానికి పరీక్ష అక్కర్లేదు. మూడు శిఖరాల కొండ మధ్యలో మంచురేకు బొమ్మ ఉంటే మంచు మీద పరీక్ష పెట్టి నెగ్గిన టైరు. ఆ బొమ్మ ఉన్నది మా దిక్కు షాపుల్లో నాకు కనపడలేదు. కనపడినా మంచు పరీక్షలో నెగ్గినదానికి ఎర్రమట్టి పరీక్షలో ఎన్ని మార్కులో ఆ బొమ్మ చెప్పదు. అందుకని నేను చూసింది టైరు నడుమ నాలుగు లోతైన నిలువు గాళ్ళు (గాడులు), భుజాల వైపు అడ్డంగా తెరుచుకున్న గాళ్ళు, బటన్ల (గాళ్ళ మధ్య రబ్బరు ముక్కల) మీద సన్నని కోతలు. నీళ్ళు బయటికి పోవడానికి దారి ఉందా, ఆకుని కొరికి పట్టుకోవడానికి అంచులు ఉన్నాయా, అంతే.

షాపువాడు ముందు "ఈవీ స్పెషల్" అని ఒకటి తెచ్చాడు. లోపల స్పాంజి అతికించి ఉంది, చప్పుడు తగ్గడానికి. ఈవీలో ఇంజను మోత ఉండదు కాబట్టి టైరు మోత చెవిలో పడుతుందన్నది నిజమే. కానీ నేను పొట్టంగి దగ్గర పంక్చర్ అయినవాడిని. అక్కడ పంక్చర్ వేసేవాడు స్పాంజి చూస్తే ముందు దాన్ని గీకాలి, తర్వాత మళ్ళీ అతికించాలి. వాడి దగ్గర ఉన్నది ఒక స్ట్రిప్పు, ఒక సూది, ఒక నీళ్ళ తొట్టి. వద్దన్నాను.

తర్వాత బరువు అంకె. సైజు పక్కన 95 అని ఉంటే ఒక్కో టైరు 690 కిలోలు మోస్తుంది, 99 అని ఉంటే 775 కిలోలు. ఈవీ బరువు కాబట్టి 99 ఉండాల్సిందేనని షాపువాడి వాదన. లెక్క వేస్తే 95వి నాలుగూ 2760 కిలోలు మోస్తాయి. నా కారు, మేం ఐదుగురం, మందుల పెట్టెలు అన్నీ కలిపినా అందులో ముప్పావుకి రాదు. అయినా నేను 99దే తీసుకున్నాను, పక్క గోడ గట్టిగా ఉంటుంది, జయపురం రోడ్డులో గుంతలకి ఉబ్బు రాదని. ఉబ్బు రాలేదు, నిజం. కానీ దాని బదులు మా నడుములకి వచ్చింది. ఆ గట్టిదనం మొదటి రెండు నెలలు ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా తెలిసింది. ఇప్పుడు మళ్ళీ కొంటే 95 తీసుకుంటానేమో.

బిల్లు రాసేముందు తయారీ తేదీ చూశాను. పక్క గోడ మీద డాట్ (DOT) అనే అక్షరాలతో మొదలయ్యే వరస చివర నాలుగు అంకెలుంటాయి, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. ఒకటి 1420. అంటే 2020లో పధ్నాలుగో వారం, అప్పటికే రెండున్నరేళ్ళు గోడౌన్లో పడి ఉంది. మిగతా మూడూ 2022వి. అడిగితే "సార్, అది కూడా కొత్తదే, ఎవరూ తొక్కలేదు కదా" అన్నాడు. తొక్కకపోయినా రబ్బరు ముసలిదవుతుంది. గంటన్నర కూర్చోబెట్టి వేరేది తెప్పించాడు. నాలుగూ కలిపి 36 వేలు, పాతవాటికి రెండు వేలు తగ్గించాడు. అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ అందులోనే.

మొదటి నెల నాకు గుండె ఝల్లుమంది. పాత టైర్లతో జయపురం వెళ్ళి వస్తే వంద కిలోమీటర్లకి 13 యూనిట్ల చిల్లర ఖర్చయ్యేది. కొత్తవాటితో 14 దాటింది. బావమరిది ఫోన్లో నవ్వాడు. కానీ పోలిక సరిగా లేదని తర్వాత తెలిసింది. గుండు అయిపోయిన టైరు ఎప్పుడూ తేలిగ్గానే దొర్లుతుంది, కదిలి వంగడానికి దాని మీద రబ్బరే తక్కువ కాబట్టి. ఎనిమిది వేలు తిరిగేసరికి లెక్క 13.6 దగ్గర నిలబడింది. ఇక ఘాట్ ఎక్కేటప్పుడు టైరు తేడా లెక్కలోకే రాదు. సాలూరు నుంచి మా ఎత్తుకి సుమారు ఎనిమిది వందల మీటర్లు, అంత బరువు కారుని పైకి లాగడానికే నాలుగు యూనిట్ల దాకా పోతుంది, ఏ టైరు వేసినా. దిగేటప్పుడు అందులో కొంత తిరిగి వస్తుంది.

చలికాలంలో మైలేజీ పడిపోతుందని టైర్లనీ బ్యాటరీనీ తిట్టుకునేవాళ్ళకి నా అనుభవం ఒకటి చెప్పాలి. ఆ డిసెంబరులో విజయనగరం నుంచి తిరిగి వస్తూ మధ్యాహ్నం ఎండలో, ఊరంతా తిరిగి వచ్చిన బండికి, పెట్రోలు బంకులో టైర్లకి గాలి 33 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) కొట్టించాను. మర్నాడు పొద్దున్న సెమిలిగుడలో కొలిస్తే 29. పంక్చర్ అనుకుని ఇక్కడి గాలి షాపుకి పరిగెత్తాను. షాపాయనా సాలూరు వాడే, నాన్నగారి కాలం మనిషి. నాలుగు చక్రాలకీ గేజి పెట్టి చూశాడు. నాలుగూ 29.

"ఏటి బాబూ, వేడి టైరుకి గాలెట్టించీసి, చల్లారిపోనాక కొలిస్తే తగ్గదేటి? నాలుగుకీ ఒకేసారి మేకులు దిగుతాయేటి?"

లెక్క ఆయన చెప్పిందే. టైరు లోపలి గాలి పది డిగ్రీలు చల్లబడితే ఒకటిన్నర, రెండు పీఎస్‌ఐ దాకా పోతుంది. తిరిగి వేడెక్కిన టైరు నలభై అయిదు డిగ్రీల దగ్గర ఉందనుకుంటే, మా పొద్దుటి ఎనిమిదికి దిగేసరికి అయిదుకి పైనే పోవాలి. కానీ కొండ మీద బయటి గాలి ఒత్తిడి తక్కువ, దానివల్ల గేజి ఒకటి పైన ఎక్కువ చూపిస్తుంది. అందుకే నాలుగే పోయినట్టు కనపడింది. ఆ రోజు నుంచి నా పద్ధతి ఒకటే: బండి తీయకముందు, ఇంటి దగ్గర, చల్లటి టైరుకి, సొంత గేజితో. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ప్రతి ఆదివారం. కిందికి దిగాక ఎండలో గేజి 37 చూపించినా గాలి తీయను. పోయిన మైలేజీలో సగం పైగా ఇలా గాలితోనే తిరిగొచ్చింది.

పట్టు విషయం. సుంకి మలుపులో అదే నెలలో, అదే వేళకి, ఈ మూడేళ్ళలో ఎన్నిసార్లు దిగానో. ఒక్కసారీ నేరుగా పోలేదు. నేను నెమ్మదించాను కూడా, ఆ పుణ్యమంతా టైరుకి కట్టబెట్టను. వానాకాలంలో కొరాపుట్ దాటి జయపురం ఘాట్‌లో నీళ్ళు అడ్డంగా పారే చోట స్టీరింగు తేలిపోయేది పాతవాటితో, ఇప్పుడు లేదు. ఎర్రమట్టి బురద మాత్రం వేరే కథ. పల్లె దారుల్లో మట్టి గాళ్ళలో నిండిపోతే ఈ టైరూ గుండుతో సమానమే. ఆగి ఉన్న బండిని ఒక్కసారిగా తొక్కితే ఈవీ మోటారు ముందు చక్రాలని అక్కడే గిర్రున తిప్పేస్తుంది. ఎకో మోడ్‌లో, పాదం బరువు కాకుండా వేళ్ళ బరువుతో కదిలించడం నేర్చుకున్నాను.

మోత ఉంది. కొత్తలో తెలియలేదు, పాతిక వేలు దాటాక అరవై వేగంలో ఒక తుమ్మెద ఝుంకారం మొదలైంది. ఒక షాపులో అలైన్‌మెంట్ చూపించాను, తేడా కొంతే. గరుకు తారు మీద ఎక్కువ, సునాబెడ దగ్గర నున్నటి రోడ్డు మీద తక్కువ. పాటలు పెట్టుకుంటే వినపడదు, మా ఆవిడ నిద్రపోతే వినపడుతుంది.

అరుగుదల: ప్రతి ఎనిమిది వేలకీ ముందు వెనక మార్చాను, ఒకసారి మరిచిపోయి పదమూడు వేలకి మార్చాను. ఆ నిర్లక్ష్యం ఇప్పటికీ కనపడుతోంది. కొత్తలో ఎనిమిది మిల్లీమీటర్ల లోతు. మొన్న కొలిస్తే ఒక జత 4.2, ఇంకో జత 3.1. గాళ్ళ అడుగున చిన్న దిమ్మెలుంటాయి, రబ్బరు వాటితో సమానమైతే 1.6 మిల్లీమీటర్లు, టైరు పని అయిపోయినట్టే. చట్టం లెక్క అది. కాని మూడు దగ్గరికి వచ్చాక తడిలో నీళ్ళు తోసే శక్తి బాగా పడిపోతుంది, మా దగ్గర వానలు జూన్‌లో మొదలవుతాయి. ఆ 3.1 జత ఇప్పుడు వెనక వేయించాను. స్టెప్నీ ఇంకా పాత సెట్టుదే, గుర్తుంచుకోండి, సైజు ఒకటే అయినా పట్టు ఒకటి కాదు. పంక్చర్ అయిన రోజు దాంతో ఘాట్ దిగను, సెమిలిగుడ వరకే.

మే నెలలో నాలుగూ మార్పిస్తాను. అదే రకం, 95తో. బావమరిది అప్పుడే ఫోను చేసి ఏవో చైనా టైర్లు సగం ధరకి చూశానంటున్నాడు.