లోనార్ గుంటలో మావాడి ప్రశ్నలు

అజంతా, ఎల్లోరాలకు వెళ్లేవాళ్లు మహారాష్ట్రలోనే ఉల్క పడి గుంటైన లోనార్‌ను దారిలో ఓ గంట చూసేసి వద్దామనుకుంటారు. మేమూ అదే లెక్కలో ఉన్నాం. ఆరో తరగతి చదివే మావాడు పట్టుబట్టడంతో ఒక రాత్రి ఉండిపోయాం. లేకపోతే గట్టు మీద ఫొటో దిగి వెనక్కొచ్చేవాళ్లం.

హైదరాబాద్‌లో రాత్రి రైలెక్కి తెల్లారేసరికి జాల్నాలో దిగాం. అక్కడి నుంచి కారు. బుక్ చేసుకున్న లాడ్జి ఫొటోల్లో బాగుంది. గదిలో గీజర్ ఉంది గానీ వేడినీళ్లు మాత్రం బకెట్లో వచ్చాయి. గుంట అంచుకు దగ్గరగా పర్యాటక శాఖ వసతి ఉంది, ముందే చూసుకుంటే అదే నయం. తిండికి లోటు లేదు. జొన్నరొట్టె, శనగపిండితో చేసే పిఠ్లా, పచ్చిమిర్చి ఠేచా. మన నాలుకకు ఇబ్బందే లేదు.

అంచున నిలబడితే అవతలి గట్టు దాదాపు 1.8 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. అడుగున పచ్చటి ఉప్పునీళ్లు. 2020 జూన్‌లో ఈ నీళ్లే గులాబీ రంగుకు తిరిగాయి, ఉప్పును ఇష్టపడే సూక్ష్మజీవుల వల్ల.

"నాన్నా, డైనోసార్లను చంపింది ఇదేనా?"

కాదు. అది మెక్సికోలోని చిక్షులూబ్ అనే ఉల్క గుంట. 6.6 కోట్ల ఏళ్ల కిందటిది, వెడల్పు సుమారు 180 కిలోమీటర్లు. దాని పక్కన లోనార్ పిల్ల గుంట. కానీ మా కాళ్ల కింది నల్లరాయి ఇంచుమించు ఆ కాలంలోనే లావాగా పారి గడ్డకట్టింది. మన వికారాబాద్ వైపు కనిపించే నల్లరాయి కూడా ఆ లావాదే. ఉల్క దాని మీద ఎంతో తర్వాత పడింది.

ఎంత తర్వాత? గైడ్ 52 వేల ఏళ్లన్నాడు. పాత లెక్క అది. ఢీకొన్నప్పుడు కరిగి గడ్డకట్టిన రాయిని, అందులో చేరిన ఆర్గాన్ వాయువును కొలిచి వయసు లెక్కగట్టే పద్ధతిలో పరీక్షిస్తే సుమారు 5.7 లక్షల ఏళ్లని తేలింది. నేను దీనివైపే. గైడ్ దిక్సూచి తీసి, ముల్లు తిరగడం చూపించి, "ఉల్క ఇనుము సార్" అన్నాడు. ఇక్కడి నల్లరాయిలోనే ఇనుప ఖనిజం ఉంటుంది కాబట్టి అది రుజువు కాదు. అయినా మనిషి మంచివాడు, దారి బాగా తెలుసు. గైడ్ లేకుండా దిగొద్దు.

"మరి అగ్నిపర్వతం కాదని ఎలా తెలుసు?" ఇది అసలు ప్రశ్న. మొదట్లో చాలామంది అగ్నిపర్వతమనే అనుకున్నారు. రాతిలోని ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజపు స్ఫటికాలు విపరీతమైన దెబ్బకు కరగకుండానే గాజైపోతే దాన్ని మాస్కెలినైట్ అంటారు. అగ్నిపర్వతానికి అంత ఒత్తిడి పుట్టించే శక్తి లేదు. ఆ గాజు ఇక్కడ దొరికింది.

గోముఖ్ ధార పక్కనుంచి కిందికి దిగాం. అడవి, నెమళ్లు, శిథిలమైన గుళ్లు. ఒడ్డున కుళ్లిన గుడ్ల వాసన. మా ఆవిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని కమళజా దేవి గుడి దాకా వచ్చింది. దిగడం తేలికే, ఎక్కేటప్పుడే మోకాళ్లు మాట్లాడతాయి. పెద్దవాళ్లతో వెళ్తే ఊళ్లోని దైత్యసూదన ఆలయం చాలు. విష్ణువు లవణాసురుణ్ని చంపిన కథ అక్కడ శిల్పాల్లో ఉంది.

తిరుగు రైల్లో మావాడు నిద్రపోకుండా అడిగాడు. "ఇంతకీ ఆ ఉల్క ఏది నాన్నా?"

చాలావరకు ఆవిరైపోయిందిరా అన్నాను. మొహం మాడ్చుకుని అటు తిరిగి పడుకున్నాడు.