విన్‌రార్‌లో ఆర్కైవ్ మార్పిడి: పని సులువే, టిక్ పెట్టే ముందే ఆలోచించాలి

రార్ ఫైళ్లు (అనేక ఫైళ్లను కుదించి ఒకటిగా కట్టిన ఆర్కైవ్‌లు) పేరుకుపోయిన ఫోల్డర్‌ను ఒక్క విడతలో జిప్ అనే మరో ఆర్కైవ్ రకంలోకి మార్చుకోవాలనుకునేవారికి విన్‌రార్ టూల్స్ మెనూలోని 'కన్వర్ట్ ఆర్కైవ్స్' చక్కగా పనికొస్తుంది. ఈ సాఫ్ట్‌వేర్‌ను ఏళ్ల తరబడి వాడుతున్నవారిలోనూ చాలామంది ఆ మెనూ తెరవకుండా, ఒక్కో ఫైల్‌నూ విప్పి మళ్లీ జిప్ చేస్తూ కూర్చుంటారు. ఫోల్డర్‌ను ఎంచుకుని ఆల్ట్, క్యూ మీటలను కలిపి నొక్కితే చిన్న విండో వస్తుంది. ఏ రకం ఆర్కైవ్‌లను మార్చాలో, కొత్తవి ఎక్కడ పెట్టాలో అందులో చెప్పి, కంప్రెషన్ బటన్ నొక్కి జిప్‌ను ఎంచుకుంటే మిగిలిన పని అదే చూసుకుంటుంది.

పేరుకు మార్పిడే గాని, లోపల జరిగేది పాతదాన్ని పూర్తిగా విప్పి కొత్తగా కుదించడమే. అందువల్ల పాత ఆర్కైవ్, విప్పిన ఫైళ్లు, తయారవుతున్న కొత్త ఆర్కైవ్ మూడూ ఒకే సమయంలో డిస్క్‌లో చోటు అడుగుతాయి. సెట్టింగ్స్‌లో తాత్కాలిక ఫైళ్ల ఫోల్డర్‌ను ఖాళీ ఎక్కువగా ఉన్న డ్రైవ్‌కు ముందే మార్చుకోవడం మేలు.

ఫలితం పరిమాణం మాత్రం కొందరిని నిరాశపరచవచ్చు. సాలిడ్ పద్ధతిలో చేసిన రార్ ఆర్కైవ్ లోపలి ఫైళ్లన్నిటినీ ఒకే ప్రవాహంగా చూసి కుదిస్తుంది. జిప్ ఒక్కో ఫైల్‌నూ విడిగా కుదిస్తుంది. ఒకదానినొకటి పోలిన వందలాది టెక్స్ట్ ఫైళ్లుంటే జిప్ బాగా పెరుగుతుంది, జేపెగ్ ఫొటోలైతే తేడా కనిపించదు.

పాస్‌వర్డ్ ఉన్న ఆర్కైవ్‌ల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. రార్‌లో ఫైళ్ల పేర్లను కూడా గుప్తీకరించే సౌకర్యం ఉంది, కాబట్టి పాస్‌వర్డ్ లేనివారికి లోపల ఏముందో జాబితా సైతం కనిపించదు. విన్‌రార్ తయారుచేసే జిప్‌లో లోపలి సమాచారానికి ఏఈఎస్-256 అనే బలమైన గుప్తీకరణ రక్షణ ఉన్నా, పేర్లు మాత్రం ఎవరు తెరిచినా కనిపిస్తాయి. 'జీతాల జాబితా' వంటి పేరు చాలు, ఆ ఫైల్ తెరవకుండానే సగం సంగతి బయటపడిపోతుంది. దీనితోపాటు, దెబ్బతిన్న ఆర్కైవ్‌ను బాగుచేసుకోవడానికి రార్‌లో పెట్టుకోగల రికవరీ రికార్డ్‌కు కూడా జిప్‌లో చోటు లేదు.

అదే విండోలో అసలు ఆర్కైవ్‌లను తొలగించే గడి ఒకటి ఉంది. కొత్త జిప్‌లను ఎంచుకుని టెస్ట్ ఆదేశంతో పరీక్షించేదాకా దానికి టిక్ పెట్టకపోవడమే మంచిదని నా అభిప్రాయం. గుప్తీకరించినవాటిని దాటవేయించే గడి ఎంతో ఉపయోగకరమైనది. అది లేకపోతే పెద్ద ఫోల్డర్‌ను మార్పిడికి పెట్టి లేచి వెళ్లిన మనిషి తిరిగివచ్చేసరికి తెరపై పాస్‌వర్డ్ ప్రశ్న ఒక్కటే ఎదురుచూస్తూ ఉంటుంది.

లోటుపాట్ల మాటకొస్తే, విన్‌రార్ సెవెన్ జెడ్ (.7z) అనే రకం ఆర్కైవ్‌ను విప్పగలదు గాని తయారుచేయలేదు, కనుక ఆ ఫార్మాట్ కావలసినవారికి ఈ ఆదేశం అక్కరకు రాదు. ఇగోర్ పావ్‌లోవ్ 1999లో విడుదల చేసిన ఉచిత సెవెన్-జిప్ దాన్ని తయారుచేస్తుంది, అయితే అందులో ఇలా గుంపుగా మార్చే ఆదేశం లేదు. రెండూ కావాలంటే ఉచితంగా దొరికే పీజిప్ సాఫ్ట్‌వేర్‌ను చూడవచ్చు. విన్‌రార్ 40 రోజుల పరీక్షా గడువుతో వచ్చే సాఫ్ట్‌వేర్, పైగా తనంతట తాను అప్‌డేట్ కాదు. 2023లో బయటపడిన తీవ్రమైన భద్రతా లోపాన్ని 6.23 వెర్షన్‌లో సరిదిద్దారు కాబట్టి అంతకన్నా పాతది వాడుతున్నవారు మార్పిడి సంగతి తరువాత, ముందు కొత్త వెర్షన్ వేసుకోవాలి. ఇక ఇతరులకు పంపడానికే మారుస్తుంటే, ఆ ఫైళ్లను అందుకునేవారందరూ విండోస్ 11 వాడేవారే అయితే, 2023 నుంచి వచ్చిన అప్‌డేట్లతో ఆ సిస్టమే మామూలు రార్ ఫైళ్లను తెరుస్తోంది గనుక, ఈ మార్పిడి చేయవలసిన అవసరమే చాలామటుకు ఉండదు.