రెస్పాన్స్ హెడర్లను ఎక్కడ పెట్టడం మేలు: అపాచీలోనా, ఇంజిన్‌ఎక్స్‌లోనా, అప్లికేషన్‌లోనా?

వెబ్‌సైటు పంపే జవాబులకు మనం ఎంచుకున్న హెడర్లను (జవాబుతో పాటు బ్రౌజర్‌కు వెళ్లే చిన్న సూచనలను) జోడించడం కాన్ఫిగరేషన్ ఫైలులో ఒక్క వరుసతో తీరిపోయే పనిలా కనిపిస్తుంది. ఆ వరుసను ఎక్కడ రాశామన్న దాన్నిబట్టి మాత్రం ఫలితం చాలా మారుతుంది. ఒకే హెడర్ అపాచీ అనే వెబ్ సర్వర్‌లో ఒక తీరుగా, ఇంజిన్‌ఎక్స్ అనే ఇంకో వెబ్ సర్వర్‌లో మరో తీరుగా, అప్లికేషన్ కోడ్‌లో ఇంకో తీరుగా నడుస్తుంది. పైగా తేడా వచ్చినప్పుడు ఏ ఎర్రర్ లాగ్‌లోనూ దాని జాడ కనిపించదు. మొదటి పేజీ తెరిచి చూస్తే అన్నీ సరిగానే ఉంటాయి. పేజీ దొరకలేదని చెప్పే 404 పేజీకో, ఒక బొమ్మ ఫైలుకో, లాగిన్ విఫలమైనప్పుడు వచ్చే జవాబుకో ఆ హెడర్ లేదన్న సంగతి ఎవరైనా పనిగట్టుకుని తనిఖీ చేసేదాకా బయటపడదు. అందువల్ల ఈ మూడింటిని పోల్చేటప్పుడు ఏది తేలిగ్గా రాయవచ్చన్న దానికంటే, ఏది చెప్పకుండా జారిపోతుందన్నదే ముఖ్యంగా చూడాలని నా అభిప్రాయం.

జారిపోయే సందర్భాలు ఎక్కువగా ఉన్నది ఇంజిన్‌ఎక్స్‌లోనే కాబట్టి దానితోనే మొదలుపెడదాం. ఇందులో హెడర్ పెట్టడానికి యాడ్_హెడర్ అనే డైరెక్టివ్ (కాన్ఫిగరేషన్‌లో రాసే సూచన) ఉంది. సైటు మొత్తానికి వర్తించే సర్వర్ బ్లాకులో ఎక్స్-కంటెంట్-టైప్-ఆప్షన్స్, రెఫరర్-పాలసీ, స్ట్రిక్ట్-ట్రాన్స్‌పోర్ట్-సెక్యూరిటీ (సైటును హెచ్‌టీటీపీఎస్‌లోనే తెరవమని బ్రౌజర్‌కు చెప్పేది) అనే మూడు భద్రతా హెడర్లు రాశారనుకోండి. కొన్నాళ్లకు బొమ్మలూ స్టైల్ షీట్లూ ఉండే చిరునామాలకే వర్తించే లొకేషన్ బ్లాకులో, బ్రౌజర్ ఫైలును ఎంతకాలం దాచుకోవచ్చో చెప్పే క్యాష్-కంట్రోల్ కోసం మరో యాడ్_హెడర్ రాశారు. ఆ క్షణం నుంచి ఆ లొకేషన్‌కు పై మూడు హెడర్లూ అందవు. లోపలి బ్లాకులో ఒక్క యాడ్_హెడర్ అయినా ఉంటే పై స్థాయిలో రాసినవేవీ వారసత్వంగా రావన్నది దాని మామూలు నియమం. కాన్ఫిగరేషన్‌ను పరీక్షించే ఆదేశం ఇస్తే అంతా సవ్యంగా ఉందనే చెబుతుంది, ఎందుకంటే వాక్యనిర్మాణంలో తప్పేమీ లేదు. దీన్ని తప్పించుకోవడానికి చాలామంది హెడర్లన్నింటినీ ఒక చిన్న ఫైలులో రాసి, యాడ్_హెడర్ ఉన్న ప్రతి లొకేషన్‌లోనూ దాన్ని ఇన్‌క్లూడ్ చేస్తారు. అది పనిచేస్తుంది గానీ కొత్త లొకేషన్ చేర్చే మనిషికి ఆ సంగతి గుర్తుండాలి. క్యాష్ గడువు ఒక్కటే కావాలంటే ఎక్స్‌పైర్స్ డైరెక్టివ్ వాడటం ఇంకా మంచిది. అది వేరే డైరెక్టివ్ కాబట్టి వారసత్వాన్ని తెంచదు.

స్టేటస్ కోడ్‌ల (జవాబు ఫలితాన్ని చెప్పే సంఖ్యల) విషయం రెండోది. యాడ్_హెడర్ దానంతటది 200, 201, 204, 206, 301, 302, 303, 304, 307, 308 జవాబులకే వర్తిస్తుంది. 403, 404, 500 వంటి ఎర్రర్ జవాబులకు హెడర్ వెళ్లాలంటే చివర ఆల్వేస్ అన్న మాట చేర్చాలి. 1.7.5 వెర్షన్ నుంచి ఈ సౌకర్యం ఉంది. ఎర్రర్ పేజీ కూడా బ్రౌజర్ చూపించే పేజీయే కాబట్టి, భద్రత కోసం పెట్టే హెడర్లకు ఆల్వేస్ లేకుండా రాయడానికి నాకు ఒక్క కారణమూ కనిపించదు.

మూడోది, యాడ్_హెడర్ పేరుకు తగ్గట్టు కలుపుతుందే తప్ప ఉన్నదాన్ని మార్చదు. ఇంజిన్‌ఎక్స్ ముందుండి రిక్వెస్టులు అందించే అప్లికేషన్ ఇదివరకే అదే హెడర్ పంపితే, బ్రౌజర్‌కు రెండు ప్రతులు చేరతాయి. అప్లికేషన్ పంపిన ప్రతిని ముందుగా ప్రాక్సీ_హైడ్_హెడర్‌తో తీసేసి తర్వాత మనది పెట్టాలి. అప్లికేషన్ పంపని సందర్భంలో మాత్రమే మనది వెళ్లాలనుకుంటే ఒక విలువను బట్టి మరో విలువను ఎంచే మ్యాప్ డైరెక్టివ్‌తో ఒక వేరియబుల్ తయారు చేసుకోవచ్చు, ఎందుకంటే విలువ ఖాళీగా ఉన్న హెడర్‌ను ఇంజిన్‌ఎక్స్ అసలు పంపదు. ఇక ప్రాక్సీ_సెట్_హెడర్ అన్నది వెనకున్న అప్లికేషన్‌కు వెళ్లే రిక్వెస్టుకు సంబంధించినదే గానీ బ్రౌజర్‌కు వెళ్లే జవాబుకు సంబంధించినది కాదు. ఈ రెండింటినీ కలగాపులగం చేసుకుని గంటలు పోగొట్టుకోవడం చాలా మామూలు.

అపాచీలో ఈ పనికి మాడ్_హెడర్స్ అనే మాడ్యూల్ ఉంది. హెడర్ల మీద పట్టు విషయంలో ఇది స్పష్టంగా ముందుంటుంది. సెట్ అంటే పాతదాన్ని తీసి కొత్తది పెడుతుంది, యాడ్ అంటే మరో ప్రతి చేరుస్తుంది, అన్‌సెట్ అంటే తీసేస్తుంది, సెట్‌ఇఫ్‌ఎంప్టీ అంటే అంతకుముందు లేకపోతేనే పెడుతుంది, ఎడిట్ అంటే ఉన్న విలువలో కొంత భాగాన్ని మారుస్తుంది. ఇంజిన్‌ఎక్స్‌లో మ్యాప్‌తో తిప్పలుపడి సాధించేది ఇక్కడ ఒక్క పదంతో అవుతుంది. వారసత్వం కూడా మనం ఊహించినట్టే ఉంటుంది: ముఖ్య సర్వర్, వర్చువల్ హోస్ట్, డైరెక్టరీ, ఫైల్స్, లొకేషన్ అన్న వరుసలో అన్నీ అమలవుతాయి, లోపల ఒకటి రాసినంత మాత్రాన బయటివి మాయం కావు.

అపాచీకీ చిక్కు లేకపోలేదు. అది జవాబు హెడర్లను రెండు పట్టికల్లో ఉంచుతుంది. ఏమీ చెప్పకపోతే ఆన్‌సక్సెస్ పట్టికలోకి, ఆల్వేస్ అని చెబితే ఆ పేరున్న పట్టికలోకి మన హెడర్ వెళుతుంది. సర్వర్ తానే తయారుచేసే ఎర్రర్ పేజీలకు రెండో పట్టికే కావాలి. సీజీఐ స్క్రిప్టులు (సర్వర్ నడిపించే బయటి ప్రోగ్రాములు) గానీ, మాడ్_ప్రాక్సీ_ఎఫ్‌సీజీఐ మాడ్యూల్ ద్వారా నడిచే పీహెచ్‌పీ గానీ పెట్టిన హెడర్లు కూడా ఆల్వేస్ పట్టికలోనే ఉంటాయి. అందుకే ఆల్వేస్ లేకుండా రాసిన సెట్, పీహెచ్‌పీ పెట్టిన హెడర్‌ను తుడిచేయలేక, పక్కన మరో ప్రతిని నిలబెడుతుంది. ఇది తెలియనివారికి సెట్ అన్నది యాడ్‌లా ప్రవర్తిస్తోందేమిటన్న అయోమయం తప్పదు. ఫోల్డరులో పెట్టే డాట్ హెచ్‌టీయాక్సెస్ అనే కాన్ఫిగరేషన్ ఫైలులో హెడర్లు రాయడం, ఒకే సర్వర్‌ను చాలామంది పంచుకునే షేర్డ్ హోస్టింగ్‌లో ఉన్నవారికి ఉన్న ఏకైక దారి కావచ్చు. ముఖ్య కాన్ఫిగరేషన్ చేతిలో ఉన్నవారు మాత్రం అక్కడే రాయాలి, ఎందుకంటే ఆ ఫైలును ప్రతి రిక్వెస్టుకూ వెతికి చదవవలసిన భారం సర్వర్ మీద పడుతుంది.

రెండు ప్రతులు వెళితే నష్టమేమిటన్నది హెడర్‌ను బట్టి ఉంటుంది, దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. వేరే సైటు స్క్రిప్టు ఈ జవాబును చదవవచ్చో లేదో చెప్పే యాక్సెస్-కంట్రోల్-అలౌ-ఆరిజిన్ రెండుసార్లు వస్తే, రెండింటి విలువా ఒకటే అయినా బ్రౌజర్ ఆ జవాబును స్క్రిప్టుకు అందనివ్వదు. పేజీలో ఏ స్క్రిప్టులూ వనరులూ నడవవచ్చో చెప్పే కంటెంట్-సెక్యూరిటీ-పాలసీ రెండు వస్తే రెండూ అమలవుతాయి, అంటే రెండూ అనుమతించినది మాత్రమే నడుస్తుంది. కాబట్టి సర్వర్‌లో కట్టుదిట్టమైన పాలసీ ఉంటే దాన్ని సడలించాలని అప్లికేషన్ నుంచి మరొకటి పంపడం వృథా. స్ట్రిక్ట్-ట్రాన్స్‌పోర్ట్-సెక్యూరిటీ విషయంలో 2012 నాటి ఆర్‌ఎఫ్‌సీ 6797 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ప్రకారం మొదటి ప్రతి ఒక్కటే లెక్కలోకి వస్తుంది.

అప్లికేషన్ కోడ్‌లో పెట్టడానికి ఉన్న బలం వేరు. ఎవరు లాగిన్ అయ్యారు, ఏ పేజీ అడిగారు, జవాబులో ఏముంది అన్నవి దానికి మాత్రమే తెలుసు. కంటెంట్-సెక్యూరిటీ-పాలసీలో వాడే నాన్స్ (ఒక్కసారికే పనికొచ్చే విలువ) ప్రతి జవాబుకూ కొత్తగా, ఊహకందని విధంగా పుట్టాలి, అదే విలువ పేజీలోని స్క్రిప్ట్ ట్యాగులోనూ ఉండాలి. అది కోడ్ చేయవలసిన పనే. అప్లికేషన్లు రాసే ఫ్రేమ్‌వర్కుల్లో ఇందుకు సిద్ధంగా, జాంగోలో సెక్యూరిటీ మిడిల్‌వేర్, ఎక్స్‌ప్రెస్‌లో హెల్మెట్ వంటివి ఉన్నాయి కాబట్టి రాత శ్రమ కూడా తక్కువే. ఈ పద్ధతి చేతులెత్తేసేది అప్లికేషన్ దాకా రాని జవాబుల దగ్గర. స్టాటిక్ ఫైళ్లను ముందున్న సర్వరే నేరుగా పంపేస్తుంది. అప్లికేషన్ పడిపోయినప్పుడు 502, ఆలస్యమైనప్పుడు 504 వచ్చేదీ ఆ సర్వర్ నుంచే. వాటికి కోడ్‌లోని హెడర్లు ఎలాగూ రావు.

కాబట్టి నేను ఎవరికైనా చెప్పేది ఇది: అన్ని జవాబులకూ ఒకే విలువ ఉండే హెడర్లు వెబ్ సర్వర్‌లో, రిక్వెస్టును బట్టి మారేవి అప్లికేషన్‌లో ఉండాలి, ఒక హెడర్‌కు ఒక్కటే చోటు ఉండాలి. స్ట్రిక్ట్-ట్రాన్స్‌పోర్ట్-సెక్యూరిటీ మాత్రం టీఎల్‌ఎస్‌ను (హెచ్‌టీటీపీఎస్ వెనకున్న గుప్తీకరణను) నిర్వహించే సర్వర్‌లోనే పెట్టాలి, బ్రౌజర్ ఎంతసేపు గుర్తుంచుకోవాలో చెప్పే మ్యాక్స్-ఏజ్‌ను మొదట 300 సెకన్లతో మొదలుపెట్టి, ఇబ్బంది లేదని తేలాకే ఏడాదికి సమానమైన 31536000కు పెంచాలి, ఎందుకంటే బ్రౌజర్లు ఒకసారి గుర్తుపెట్టుకున్నదాన్ని సర్వర్‌లో వరుస తీసేసినంత మాత్రాన మరచిపోవు. రిక్వెస్టు గుర్తింపు సంఖ్యను ఇంజిన్‌ఎక్స్‌లోని రిక్వెస్ట్_ఐడీ వేరియబుల్‌తో జవాబుకూ, వెనక అప్లికేషన్‌కూ పంపితే రెండు చోట్ల లాగ్‌లనూ కలిపి చదువుకోవచ్చు. సొంత హెడర్లకు ఎక్స్ అక్షరంతో పేరు మొదలుపెట్టే అలవాటు ఇక అక్కర్లేదని 2012లోనే ఆర్‌ఎఫ్‌సీ 6648 చెప్పింది.

రెండు సర్వర్లలో ఏదో ఒకటి ఎంచుకునే స్వేచ్ఛ ఉండి, హెడర్లను తరచుగా సవరించడమే ప్రధానమైన పని అయితే నా ఓటు అపాచీకే. ఇప్పటికే ఇంజిన్‌ఎక్స్ నడుపుతున్నవారు హెడర్ల కోసం సర్వర్ మార్చనవసరం లేదు. ఇన్‌క్లూడ్ ఫైలూ, ఆల్వేస్ అన్న మాటా, లొకేషన్ బ్లాకుల మీద ఒక కన్నూ ఉంటే చాలు. ఏది వాడినా మార్పు చేసిన ప్రతిసారీ కర్ల్ అనే కమాండ్ లైన్ సాధనంతో నాలుగు చిరునామాలు అడిగి చూడండి: ఒక మామూలు పేజీ, ఒక బొమ్మ ఫైలు, లేని పేజీ ఒకటి, దారి మళ్లించేది ఒకటి. హెడర్లను మాత్రమే తెచ్చే హెడ్ రిక్వెస్టుకు కొన్ని అప్లికేషన్లు వేరుగా జవాబిస్తాయి కాబట్టి, పేజీ మొత్తాన్నీ అడిగే గెట్ రిక్వెస్టే పంపి, వచ్చిన హెడర్లలో ఏదీ రెండుసార్లు లేదని కూడా చూసుకోవాలి.