లేబర్ కోర్టా, లేబర్ ఆఫీసా, యూనియన్ ఆఫీసా: లా చదివిన వరంగల్ పిల్లలకు ఏది మేలు?

హనుమకొండ సుబేదారిలోని కాకతీయ విశ్వవిద్యాలయ లా కళాశాల నుంచి ఏటా ఒకరిద్దరు చివరి సంవత్సరం విద్యార్థులు నా దగ్గరకు వస్తుంటారు. కార్మికుల తరఫున పనిచేయాలని ఉంది, ఎటు వెళ్లాలని అడుగుతారు. వాళ్లలో చాలామంది బీడీలు చుట్టే తల్లుల బిడ్డలు, బొగ్గు బావుల్లో దిగినవారి మనుమలు. ఇంటి అప్పు ఒకవైపు, మనసులోని కోరిక మరోవైపు లాగుతుంటాయి. అందుకే ఈ ప్రశ్నకు తేలికగా జవాబు చెప్పలేను.

మొదట కార్మిక శాఖ ఉద్యోగం సంగతి. గ్రూప్-1లో అసిస్టెంట్ కమిషనర్ ఆఫ్ లేబర్, గ్రూప్-2లో అసిస్టెంట్ లేబర్ ఆఫీసర్ పోస్టులున్నాయి. ఏ డిగ్రీ ఉన్నా రాయవచ్చు. కానీ కుర్చీలో కూర్చున్నాక చేసేదంతా చట్టం పనే కాబట్టి లా చదివినవారికి అక్కడ చేతినిండా పని ఉంటుంది. గ్రాట్యుటీ వివాదాలు ఆ కార్యాలయంలోనే తేలుతాయి. గ్రాట్యుటీకి అయిదేళ్ల సర్వీసు ఉండాలని అందరికీ తెలుసు. కార్మికుడు చనిపోతే ఆ అయిదేళ్ల నిబంధన వర్తించదని మాత్రం చాలామందికి తెలియదు. ఆ ముక్క తెలిసి, దాన్ని పట్టించుకునే అధికారి ఉంటే ఒక కుటుంబం నిలబడుతుంది. నెల తిరిగేసరికి జీతం వస్తుంది, ఇది చిన్న మాట కాదు.

అయితే చిక్కులూ ఉన్నాయి. 2014లో రాష్ట్రం వచ్చాక తొలి గ్రూప్-1 ప్రకటన వెలువడింది 2022లో. అన్నేళ్లు ఎదురుచూసి పరీక్ష గెలిచినా ర్యాంకును బట్టే శాఖ దక్కుతుంది, కార్మిక శాఖ కోరుకున్నవారికి మరో శాఖ రావచ్చు. పైగా పాత కార్మిక చట్టాల స్థానంలో 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన నాలుగు లేబర్ కోడ్‌లు ఇన్‌స్పెక్టర్‌ను 'ఇన్‌స్పెక్టర్ కమ్ ఫెసిలిటేటర్'గా మార్చాయి. తనిఖీ చేసే చేతికే సలహా చెప్పే పని కూడా అప్పగించారు. ఇది కార్మికుడికి మేలు చేస్తుందని నాకు నమ్మకం లేదు.

రెండోది లేబర్ కోర్టు. వరంగల్‌లోనూ గోదావరిఖనిలోనూ ఇండస్ట్రియల్ ట్రిబ్యునల్ కమ్ లేబర్ కోర్టులు ఉండటం ఉత్తర తెలంగాణ పిల్లలకు దొరికిన అదృష్టం. పెద్దపల్లి విద్యార్థి హైదరాబాద్‌లో గది అద్దె కట్టకుండానే ఈ చట్టం నేర్చుకోగలడు. గైర్హాజరు కారణంగా ఉద్యోగం పోయిన గని కార్మికుడి కేసు ఒక్కటి మొదటి నుంచి చివరిదాకా చూస్తే చాలు, విచారణ నోటీసు ఎలా ఉండాలో, శిక్ష తప్పుకు మించి ఎప్పుడు పడుతుందో తెలిసిపోతుంది. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో 1971లో చేరిన 11ఎ సెక్షన్ కోర్టుకు శిక్ష తగ్గించే అధికారం ఇచ్చింది. జూనియర్‌గా తొలి ఏళ్లలో బస్సు ఖర్చులు వెళ్తే గొప్ప. సీనియర్ మంచివారైతే సరే, లేకపోతే వాయిదాలు రాసుకోవడంతోనే రెండేళ్లు గడిచిపోతాయి.

కానీ నన్ను ఎక్కువగా బాధించేది డబ్బు కాదు. కార్మికుడు కోర్టుకు వచ్చేసరికి అతని కేసు సగం చచ్చిపోయి ఉంటుంది. ఒకసారి ఒక కాంట్రాక్టు కార్మికుడు పని పోయిన ఎన్నో నెలలకు వచ్చాడు. గుర్తింపు కార్డు లేదు, జీతం చీటీ లేదు, ఖాళీ కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చాడు. చివరికి బ్యాంకు పాసుబుక్కులో కాంట్రాక్టరు పేరుతో పడిన జమలే మాకు ఆధారమయ్యాయి. సంతకం పెట్టేముందు పక్కన చదువుకున్న మనిషి ఒకరుంటే అతనికి ఆ గతి పట్టేది కాదు.

ఆ పక్కన ఉండే చోటే యూనియన్. ఈ మూడో దారిని విద్యార్థులు పట్టించుకోరు, నాకు మాత్రం అదే అన్నిటికంటే విలువైనదిగా కనిపిస్తుంది. లేబర్ ఆఫీసులో జరిగే రాజీ చర్చల్లో న్యాయవాది కార్మికుడి తరఫున కూర్చోవడానికి 1947 చట్టం 36వ సెక్షన్ ఒప్పుకోలేదు. కొత్త కోడ్ కూడా ఒప్పుకోదు. యూనియన్ ఆఫీస్ బేరర్, అంటే యూనియన్‌లో పదవిలో ఉన్న మనిషి అయితే కూర్చోవచ్చు. న్యాయవాది యూనియన్ ఆఫీస్ బేరర్ కూడా అయితే ఆ హోదాలో ట్రిబ్యునల్ ముందు హాజరు కావడానికి అడ్డు లేదని పారాదీప్ పోర్టు ట్రస్టు కేసులో సుప్రీంకోర్టు 1976లోనే చెప్పింది. లా చదివిన పిల్లలు ఈ తీర్పు చదివి ఊరుకుంటారు గానీ దాన్ని వాడుకోవడం తక్కువ. యూనియన్లకూ కష్టాలున్నాయి. పార్టీల నీడ ఉంటుంది, డబ్బుండదు. ప్రాక్టీసు చేసే న్యాయవాది పూర్తికాల జీతగాడిగా ఉండకూడదని బార్ కౌన్సిల్ నిబంధన కాబట్టి యూనియన్ జీతం మీద బతకడం కుదరదు.

కంపెనీల హెచ్‌ఆర్ విభాగంలో చేరడాన్ని నేను తప్పుపట్టను. మస్టరు రికార్డులు లోపలి నుంచి తెలుస్తాయి. కార్మికుల కోసం అనుకున్నవారు మాత్రం దాన్ని మజిలీగానే చూడాలి.

ఇంటి బరువు మోయక తప్పనివారు మొహమాటం లేకుండా గ్రూప్స్ రాయండి. నాలుగైదేళ్లు ఓర్చుకోగలిగినవారు ఉదయం లేబర్ కోర్టు సీనియర్ దగ్గర, సాయంత్రం జీతం ఆశించకుండా యూనియన్‌లో ఉండండి. నా ఓటు దీనికే.

కళాశాల విడిచేలోపే ఒక పని మొదలుపెట్టవచ్చు. ఎనుమాముల మార్కెట్ హమాలీల దగ్గర, బీడీ కార్మికుల వాడల్లో వారానికొక పూట కూర్చుని వాళ్ల కాగితాలు చూడండి. ఎవరికైనా ఈ మధ్యే పని పోయిందని తెలిస్తే ముందు తేదీ రాసుకోండి. పని నుంచి తీసేసినప్పుడు కార్మికుడు నేరుగా కోర్టుకు వెళ్లడానికి పాత చట్టం మూడేళ్ల గడువు ఇచ్చింది. కొత్త కోడ్‌లో అది రెండేళ్లే.