పోర్ట్ సయీద్ కాలువ గట్టున మూడు రోజులు

మా తాత యవ్వనంలో పాలమూరు గుంపు మేస్త్రీల వెంట నాగార్జునసాగర్ ఎడమ కాలువ తవ్వకానికి పోయి పనిచేసిన మనిషి కావడంతో, కాలువ అనగానే మా ఇంట్లో నీళ్ల కన్నా ముందు తట్ట, పార గుర్తుకు వస్తాయి. అందుకే ఈజిప్టులో పిరమిడ్లు చూశాక, కైరో నుంచి బస్సులో సుమారు మూడు గంటలు ప్రయాణించి పోర్ట్ సయీద్ చేరుకున్నాము. సూయజ్ కాలువ తవ్వకం కోసమే 1859లో పుట్టిన ఊరు అది.

బస మాకు తృప్తినివ్వలేదు. కాలువ కనిపించే గదికి అదనంగా చెల్లించినా తొలిరాత్రి వెనుక సందు వైపు గది ఇచ్చారు. మరునాడు రసీదు చూపి గట్టిగా అడిగాకే మార్చారు. నిజానికి ఆ ఖర్చే అనవసరం, ఎందుకంటే ఆవలి గట్టున ఉన్న పోర్ట్ ఫుఆద్‌కు రాత్రింబవళ్లు తిరిగే ఫెర్రీకి టికెట్ లేదు. పది నిమిషాల్లో ఆఫ్రికా నుంచి ఆసియాలో దిగుతాము. కాలువ సంస్థ కార్యాలయపు ఆకుపచ్చ గుమ్మటాలు వెనక్కి జరుగుతుండగా, ఒక కంటైనర్ ఓడ మా ముందు నుంచి సాగిపోయింది. దాని ఇనుప పలకల అతుకులు, లంగరు రంధ్రం కింద జారిన తుప్పు చారలు కూడా స్పష్టంగా కనిపించాయి. ఓడల కోసమే వెళ్లేవారు ఒకటి గమనించాలి: 1980లో తెరిచిన తూర్పు పాయ మీదుగా చాలా ఓడలు ఊరిని తాకకుండానే సముద్రంలో కలుస్తాయి, కాబట్టి ఓపికగా వేచి ఉండాలి.

భోజనానికి లోటు లేదు. నీసు తినని మా పెద్దమ్మకు అన్నం, పప్పు, మాకరోనీ కలిపిన కోషరీ సరిపోయింది; మేము బూరి చేపల వేపుడు తిన్నాము.

కాలువ ముఖద్వారం వద్ద, ఈ కాలువను తవ్వించిన ఫ్రెంచివాడు ఫెర్డినాండ్ ద లెస్సెప్స్ విగ్రహం ఒకప్పుడు నిలిచిన పీఠం ఖాళీగా ఉంది. కాలువను జాతీయం చేసిన 1956లోనే, డిసెంబరులో ఆ విగ్రహాన్ని పడగొట్టారు. 1869లో ఓడలు నడిచిన ఈ కాలువను తొలి ఏళ్లలో తవ్వింది యంత్రాలు కావు, ఊళ్ల నుంచి వెట్టికి తరలించిన వేలాది ఈజిప్టు రైతులు. నా మనసు ఆ పీఠం కన్నా వారి వైపే పోయింది. అక్కడి నుంచే తాతకు వీడియో కాల్ చేసి ఓడను చూపించాను. ఆయన ఓడ గురించి ఒక్క మాట అడగలేదు.

“గట్టుకు రాయి పరిచిన్రా?” అన్నాడు.